మలక్‌పేట రేసులకి మొదటిసారి వెళ్తున్నా, జేబులో ఎంత పెట్టుకోవాలి?

కృష్ణలంక_రవి
గురువారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో అకౌంట్స్ చూస్తాను. ఈ శనివారం మా ఫ్రెండు వాళ్ల అక్క గృహప్రవేశానికి నలుగురం హైదరాబాద్ వెళ్తున్నాం. ఆదివారం ఖాళీ. మలక్‌పేట రేసులు చూసి తీరాలని మావాడొకడు పట్టుబట్టాడు. నేనెప్పుడూ గుర్రాల మీద కాయలేదు.

"వెళ్లొద్దురా, కొంప మునుగుతుంది" అనే సలహా మా అమ్మ ఆల్రెడీ ఇచ్చేసింది, కాబట్టి అది వదిలేయండి. ఎంత పట్టుకెళ్లాలి, అక్కడ ఎలా కాస్తారు, కొత్తవాళ్లు ఎక్కడ బోల్తా పడతారు, ఎప్పుడు లేచి వచ్చేయాలి, ఇవి చెప్పండి చాలు.

నా సంగతి కూడా దాచడం ఎందుకు. 2023లో ఫోన్లో రమ్మీ ఆడాను. మన రాష్ట్రంలో యాప్ తెరుచుకోదని లొకేషన్ మార్చే యాప్ ఇంకోటి వేసుకుని మరీ ఆడాను. రోజుకు రెండొందలో మూడొందలో, అంతే కదా అనుకునేవాణ్ని. ఓ రోజు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి కూడితే నాలుగు నెలల్లో 38,000. ఊళ్లోవాళ్ల లెక్కలన్నీ పైసాతో సహా రాసేవాణ్ని, నా లెక్క మాత్రం రాసుకోలేదు. ఆ రోజే తీసేశాను. అందుకే ఈసారి ముందే అడుగుతున్నా.

బెజవాడ_బాబాయి
గురువారం, రాత్రి 10:15

రవీ, రైల్వేలో చేసి రిటైరయ్యాను. మలక్‌పేటకి ముప్పై ఏళ్లుగా వెళ్తున్నాను, ఏడాదికి నాలుగైదుసార్లు. మీరు బస్సులో వెళ్తే ఎంజీబీఎస్ దాకా పోనక్కర్లేదు, దిల్‌సుఖ్‌నగర్ దాటాక మలక్‌పేటలో దిగిపోవచ్చు. 1886లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రేసుల్ని అక్కడికి మార్చాడు.

ముందు ఒక మాట. నా దగ్గర చిన్న నోట్‌బుక్కు ఉంది. వెళ్లిన ప్రతి రోజూ ఎంత తీసుకెళ్లానో, ఎంతతో తిరిగొచ్చానో అందులో రాస్తాను. ఈ ముప్పై ఏళ్ల మొత్తం కూడితే నేను ఓడినవాణ్నే. ఎవడైనా "నేను రేసుల్లో సంపాదించాను" అంటే వాడి నోట్‌బుక్కు చూపించమను.

ఎంత తీసుకెళ్లాలంటావా. నలుగురూ కలిసి సినిమాకి వెళ్లి, హోటల్లో తిని వస్తే మనిషికి ఎంతవుతుందో అంత. పదిహేను వందలనుకో. అది నోట్లుగా షర్టు జేబులో పెట్టుకో. తిరుగు టికెట్టూ భోజనం డబ్బూ వేరే జేబులో. ఏటీఎం కార్డు గృహప్రవేశం ఇంట్లోనే వదిలేసిపో. ఫోన్లో డబ్బు కొట్టే యాప్ ఉంటుంది కదా, దాని పరిమితి ముందు రోజే తగ్గించుకో. అక్కడికెళ్లాక తగ్గించుకుంటాననుకుంటే తగ్గించుకోవు, నేను తగ్గించుకున్నవాణ్నెవణ్నీ చూడలేదు.

ఎలా కాస్తారంటే, రెండు దారులు. ఒకటి టోట్. అందరి డబ్బూ ఒకే కుండలో పడుతుంది, అందులోంచి కోత పోగా మిగిలింది గెలిచిన టికెట్లకి పంచుతారు. జనం ఎక్కువ కాసిన గుర్రం గెలిస్తే చేతికొచ్చేది తక్కువ. రెండోది బుకీ. బోర్డు మీద రేటు రాసి ఉంటుంది, నువ్వు కాసిన క్షణంలో ఉన్న రేటే నీది. కొత్తవాడివి, టోట్‌లో విన్ లేదా ప్లేస్ కాయి. విన్ అంటే నీ గుర్రం మొదట రావాలి. ప్లేస్ అంటే పరిగెత్తే గుర్రాల సంఖ్యను బట్టి మొదటి రెండు మూడు స్థానాల్లో ఎక్కడొచ్చినా సరే. క్వినెల్లా, టనాలా, జాక్‌పాట్ జోలికి పోవద్దు. టనాలా అంటే మొదటి మూడు గుర్రాలూ వరుస తప్పకుండా చెప్పాలి. వేలకు వేలు వస్తాయని బోర్డు ఊరిస్తుంది. ఎందుకు వస్తాయి? ఎవడికీ తగలదు కాబట్టి.

రేసు పుస్తకం కొనుక్కో. ప్యాడాక్ అని, రేసుకి ముందు గుర్రాల్ని నడిపించే చోటు ఉంటుంది, అక్కడికి వెళ్లి చూడు. పొద్దున్నే కడిగి నూనె రాసినట్టు నిగనిగలాడుతూ నడుస్తుంటే, ఒక్క రూపాయి కాయకపోయినా ఆ రోజు దండగ కాదు. 1200 మీటర్ల రేసు ఒకటింపావు నిమిషంలో అయిపోతుంది. మళ్లీ అరగంట ఖాళీ. ఆ అరగంటే నీ అసలు స్నేహితుడు. దాని సంగతి మాస్టారు వస్తే చెప్తారు.

నైట్‌డ్యూటీ
గురువారం, రాత్రి 11:58

ఇంత శ్రమ దేనికి బ్రో. బస్సు టికెట్టు, ఎంట్రీ, ఎండ. ఫోన్లో బయటి దేశం సైట్లున్నాయి, వీపీఎన్ వేస్తే అన్నీ ఓపెన్. గుర్రాలూ ఉన్నాయి, కలర్ గేమూ ఉంది. వంద పెట్టి మూడొందలు తీసిన రోజులున్నాయి. లిమిట్ మన చేతుల్లోనే ఉంటుంది, ఎక్కడ ఆడినా ఒకటే.

లెక్కల_మాస్టారు
శుక్రవారం, ఉదయం 6:20

ఎక్కడ ఆడినా ఒకటే కాదు నాయనా. లెక్క చేసి చూపిస్తాను. సత్యనారాయణపురంలో ట్యూషన్లు చెప్పేవాణ్ని, అలవాటు పోలేదు.

ముందు బుకీ బోర్డు. ఐదు గుర్రాలున్నాయనుకుందాం. రేట్లు 6/4, 2/1, 4/1, 6/1, 8/1. ఏ గుర్రం గెలిచినా అసలుతో కలిపి వంద రూపాయలు చేతికి రావాలంటే దేని మీద ఎంత కాయాలి? 6/4 గుర్రం మీద 40 పెడితే 60 లాభం, మొత్తం 100. అలాగే 2/1 మీద 33.30, 4/1 మీద 20, 6/1 మీద 14.30, 8/1 మీద 11.10. కూడండి. 118.70. వంద కోసం 118.70 పెట్టాలి. ఆ పైనున్న 18.70 బుకీ బియ్యం, పప్పు, పిల్లల ఫీజు. గుర్రాల గురించి నీకెంత తెలిసినా ముందు ఆ గోడ దూకాలి. పన్ను సంగతి ఆడిటర్ గారెవరైనా చెప్తారు, అది దీని మీద ఇంకో గోడ.

ఇప్పుడు వేగం. దీన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. రేసుల్లో పన్నూ కోతా కలిపి కాసినదాంట్లో సగం పోతుందనే అనుకుందాం, ఘోరంగానే లెక్కేద్దాం. రోజుకు ఎనిమిది రేసులు, రేసుకి వంద. 800 పెడితే 400 నష్టం, మధ్యాహ్నమంతా కలిపి.

ఫోన్లో చక్రం తిప్పే ఆట తీసుకుందాం. 37 గళ్లు, సరైన గడికి అసలు కాక 35 రెట్లు ఇస్తారు. వందకి సగటున 2.70 మాత్రమే పోతుంది. ప్రపంచంలో ఇంతకంటే ధర్మప్రభువు లేడనిపిస్తుంది. కానీ ఇరవై సెకన్లకొకసారి తిరుగుతుంది. గంటకు 180 సార్లు. 180 ఇంటూ 2.70, గంటకు 486. రేసుల్లో సాయంత్రానికి పోయేదానికంటే ఎక్కువ, ఫోన్లో గంటలోనే పోయింది. అదీ చక్రం నిజాయితీగా తిరిగితే. వీపీఎన్ వేసుకుని వెళ్లే సైటులో ఆ చక్రాన్ని ఎవరు తనిఖీ చేశారు?

బాబాయి గారన్న అరగంట ఇదే. రేసుకీ రేసుకీ మధ్య మనిషి టీ తాగుతాడు, పక్కవాడితో మాట్లాడతాడు, మూత్రానికి వెళ్తాడు, బుద్ధి తిరిగొస్తుంది. చివరి రేసు అయ్యాక గేటు మూసేస్తారు. ఫోనుకి గేటు ఎక్కడుంది?

ఇంకొకటి. "పోతే రెట్టింపు కాస్తా, ఎప్పుడో ఒకసారి గెలవక తప్పదు" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వంద, రెండొందలు, నాలుగొందలు... వరసగా పది పోయాయంటే అప్పటికి వదిలినది 1,02,300. పదకొండో పందెం 1,02,400. అది గెలిస్తే మిగిలేది ఎంతో తెలుసా? వంద రూపాయలు. వరసగా పది పోవడమేమిటంటారా, 1913లో మాంటీ కార్లో జూదశాలలో, ఎరుపు నలుపు గళ్ల చక్రం మీద బంతి వరసగా 26 సార్లు నలుపులోనే పడింది. ఇక ఎరుపే అని కాసినవాళ్లంతా మునిగారు. ఇంతకుముందు ఎక్కడ పడ్డానో బంతికి గుర్తుండదు.

మిర్చియార్డు
శుక్రవారం, ఉదయం 11:05

మాస్టారూ దండాలు. గుంటూరు యార్డులో గుమస్తాని. మా దగ్గర గుర్రాలు లేవు, ఐపీఎల్లే.

క్రికెట్ బుకీ దగ్గర అసలు ప్రమాదం రేటు కాదండీ, అప్పు. ముందు డబ్బు కట్టమని అడగడు. ఫోన్లో "రాసుకో" అంటే రాసుకుంటాడు, సోమవారం సెటిల్‌మెంట్. జేబులోంచి నోటు తీసి ఇస్తే చెయ్యి వణుకుతుంది. నోటితో చెప్తే ఏం వణుకుతుంది? ఓ సీజన్లో రెండు వారాలు వరసగా పోయాయి నాకు. మూడో వారం పాతబాకీ కోసమే ఆడాను. బండి అమ్మాను. ఇంట్లో బండి దొంగలెత్తుకుపోయారని చెప్పా. మా ఆవిడ కంప్లైంట్ ఇద్దాం పదమంటే స్టేషన్ గేటు దాకా వెళ్లి, అక్కడ నిజం చెప్పాను.

2015లో బెజవాడలో కాల్‌మనీ గొడవ బయటపడింది గుర్తుందా? ఫోన్ కొడితే డబ్బు తెచ్చిచ్చి, తరువాత ఇంటిమీదకొచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ పని లోన్ యాప్ చేస్తోంది, మనిషి కనపడడు అంతే తేడా. తమ్ముడూ రవీ, ఒక్కటే చెప్తా. కాసేది నోటై ఉండాలి, ఆ నోటు నీదై ఉండాలి. మీ నలుగురిలో ఒకడికి అయిపోతే ఇంకొకడు అప్పివ్వకూడదని బస్సెక్కేముందే ఒట్టేసుకోండి.

టెలిగ్రాంలో "ఫిక్స్‌డ్ మ్యాచ్ రిపోర్ట్" అమ్మేవాళ్లున్నారు. నాకు ఒకడు వరసగా ఆరు మ్యాచ్‌లు కరెక్టుగా చెప్పాడు. ఏడోదానికి డబ్బడిగాడు. ఇచ్చాను. పోయింది. ఆరు ఎలా చెప్పాడో ఇప్పటికీ అర్థం కాదు.

లెక్కల_మాస్టారు
శుక్రవారం, ఉదయం 11:31

64 మందికి పంపి ఉంటాడు. సగం మందికి ఈ టీము, సగం మందికి ఆ టీము. తప్పు వెళ్లిన 32 మందిని వదిలేసి మిగతా 32 మందిని మళ్లీ సగం చేస్తాడు. 16, 8, 4, 2, 1. ఆరు మ్యాచ్‌ల తర్వాత ఒక్కడు మిగులుతాడు, వాడికి అన్నీ కరెక్టే. ఆ ఒక్కడివి నువ్వు.

మిర్చియార్డు
శుక్రవారం, ఉదయం 11:33

హతవిధీ. ఇది ఇన్నేళ్లలో ఎవడూ చెప్పలేదు.

పద్మ_గుంటూరు
శుక్రవారం, మధ్యాహ్నం 2:48

రవి గారూ, మీ అమ్మగారి మాట వదిలేయమన్నారు కాబట్టి అది చెప్పను. మా తమ్ముడి సంగతి చెప్తాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

వాడు సాఫ్ట్‌వేర్. తెలివైనవాడే. మొదట్లో ఓ సైటులో రెండు వేలు పెట్టి ఐదు వేలు తీసి నాకు చీర కొన్నాడు. ఆ చీర ఇప్పటికీ కట్టలేదు నేను. ఆ తర్వాత పెద్ద మొత్తం గెలిచినట్టు తెర మీద చూపించింది, తీసుకోవాలంటే "పన్ను కింద ముందు ఇంత కట్టండి" అన్నారు. కట్టాడు. మళ్లీ ఇంకోటేదో ఫీజు. అదీ కట్టాడు. వాడు గెలిచిన డబ్బు తెర మీద అంకెగానే ఉంది, పోయిన డబ్బు మాత్రం అమ్మ నాంతాడు. లోన్ యాప్ వాళ్లు వాడి ఫోన్లో ఉన్న నంబర్లందరికీ మెసేజ్‌లు పెట్టారు, మా అత్తగారితో సహా.

మేము చేసిన తప్పు ఏంటంటే, మొదటిసారి తెలిసినప్పుడు అప్పంతా తీర్చేసి "ఇక ఆడకు" అని ఊరుకున్నాం. చేతిలో అప్పు లేకపోయేసరికి వాడికి మళ్లీ ధైర్యం వచ్చింది. రెండోసారి అలా చేయలేదు. జీతం పడే ఖాతా మా మరదలి చేతికి వచ్చింది. వాడి ఫోన్లో ఉన్న ఖాతాలో వారం ఖర్చుకి సరిపడా మాత్రమే వేస్తుంది. ఆ అప్పులు వాడే నెలనెలా కడుతున్నాడు, మేం చూస్తున్నాం. 1930కి ఫోన్ చేసి సైబర్ కంప్లైంట్ పెట్టాం. ఆలస్యంగా చేశాం. డబ్బు వెళ్లిన వెంటనే చేస్తే ఆపే అవకాశం ఉంటుందట.

నైట్‌డ్యూటీ గారూ, "లిమిట్ మన చేతుల్లోనే" అని మా వాడు కూడా అనేవాడు.

బ్రాడీపేట_ఆడిటర్
శుక్రవారం, సాయంత్రం 7:10

పన్ను, చట్టం రెండూ చెప్తాను, ఈ రెండూ తెలియకుండా ఈ చర్చని ముగించకూడదు.

ఆన్‌లైన్ ముందు. మన రాష్ట్రం 2020 సెప్టెంబరులోనే ఆర్డినెన్సు తెచ్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, రమ్మీ పోకర్‌తో సహా. తెలంగాణ అంతకంటే ముందు, 2017లో. రవి గారు లొకేషన్ మార్చాల్సి వచ్చింది అందుకే. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. రాష్ట్రపతి సంతకం ఆగస్టు 22న. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధమే, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేదు. నడిపేవాడికి మూడేళ్ల జైలు, కోటి రూపాయల జరిమానా దాకా. ప్రకటన చేసినవాడికి రెండేళ్లు, 50 లక్షల దాకా. పెద్ద పెద్ద యాప్‌లు ఆ వారంలోనే నగదు ఆటలు ఆపేశాయి. ఆడినవాణ్ని ఆ చట్టం శిక్షించదు. కానీ సంబరపడకండి, మన రాష్ట్ర చట్టంలో ఆడినవాడికీ శిక్ష ఉంది. పైగా ఇప్పుడు తెరిచి ఉన్న ప్రతి సైటూ చట్టం బయటే ఉంది కాబట్టి, డబ్బు ఇవ్వకపోతే వినియోగదారుడిగా వెళ్లి అడిగే చోటు లేదు.

నైపుణ్యం వాదన పాతది. 1967లో సుప్రీంకోర్టు రమ్మీ మూడు ముక్కలాటలా పూర్తి అదృష్టం కాదంది. ఆ కేసు మన రాష్ట్రానిదే. 1996లో గుర్రప్పందేల్లోనూ నైపుణ్యం ఉందని చెప్పింది. ఆ రోజుల్లో మా ఆఫీసుకొచ్చే ప్రతి పేకాటరాయుడూ ఈ రెండు తీర్పులూ నోటికి చెప్పేవాడు, కరెంటు బిల్లు మాత్రం కట్టేవాడు కాదు.

రేసులు. రేసు జరిగే రోజున, మైదానం లోపల కేటాయించిన చోట, లైసెన్సున్న బుకీ దగ్గరో టోట్‌లోనో కాస్తే చట్టబద్ధం. అదే గుర్రం మీద గవర్నర్‌పేటలో కూర్చుని ఎవడి దగ్గరో ఫోన్లో కాస్తే కాదు.

జీఎస్టీ 2023 అక్టోబరు 1 నుంచి పందెం పూర్తి విలువ మీద 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. అంటే గెలిచినా ఓడినా, వంద పందేనికి 40 పన్ను. మాస్టారు "సగం పోతుందనుకుందాం" అన్నది మరీ ఘోరం ఏమీ కాదు.

ఆదాయపన్ను ఇంకా విచిత్రం. గెలుపు మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 31.2. ఓడింది తీసేయనివ్వరు. ఏడాదిలో కొన్ని రోజులు 60,000 గెలిచి, మిగతా రోజుల్లో 75,000 పోగొట్టుకున్నారనుకోండి. మీరు 15,000 నష్టపోయారు. అయినా 60,000 మీద 18,720 కట్టాలి. రేసుల్లో ఒకేసారి 10,000 దాటి గెలిస్తే టీడీఎస్ అక్కడే కోసేస్తారు.

బెజవాడ_బాబాయి
శుక్రవారం, రాత్రి 8:02

ఆడిటర్ గారూ, మీరు చెప్పాక నా నోట్‌బుక్కు తెరవడానికి భయమేస్తోంది.

నైట్‌డ్యూటీ
శనివారం, రాత్రి 1:34

అందరూ భయపెడుతున్నారు గానీ, గోడౌన్లో రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా కూర్చోండి తెలుస్తుంది. లారీ వస్తే పని, లేకపోతే గోడ. ఫోన్ కాకపోతే ఏం చూడాలి. నేను రోజుకు ఐదొందలు దాటను. కిందటి వారం మాత్రం దాటింది, అది వేరే. రెండుసార్లు ఒక్క అంకె తేడాతో పోయింది. అంత దగ్గరగా వచ్చిందంటే లైన్లో పడుతున్నట్టే కదా.

సైకియాట్రీ_పీజీ
శనివారం, ఉదయం 7:15

గుంటూరులో పీజీ చేస్తున్నాను, సైకియాట్రీ. నైట్‌డ్యూటీ అన్నా, మిమ్మల్ని తిట్టడానికి రాయట్లేదు. నాకూ నైట్ డ్యూటీలుంటాయి, రాత్రి మూడింటి వేళ ఎలా ఉంటుందో తెలుసు.

"ఒక్క అంకె తేడా" అన్నారు చూడండి, ఆ ఆటలు చేసేవాళ్లకి కావలసింది అదే. అంకె తేడాతో పోయినా వంద అంకెల తేడాతో పోయినా పోయింది పోయినట్టే, మాస్టారి బంతికి దగ్గర దూరం తెలియదు. కానీ మన మెదడు దగ్గరగా పోయినదాన్ని సగం గెలుపులా తీసుకుని ఇంకోసారి అంటుంది. ఎప్పుడొస్తుందో తెలియని బహుమానం, రోజూ వచ్చేదానికంటే గట్టిగా పట్టుకుంటుంది. ఇది బుద్ధి తక్కువై జరిగేది కాదు. మందు, సిగరెట్టు వ్యసనాలున్న వరసలోకే జూదాన్ని కూడా 2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ చేర్చింది.

మేం ముందుగా అడిగే ప్రశ్నలు రెండే. ఆడే మొత్తం పెంచుకుంటూ పోవాలనిపించిందా? ఎంత ఆడారో దగ్గరివాళ్లకి అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? రెంటిలో ఒకదానికి అవునంటే జబ్బు ఉందని కాదు, కూర్చుని మాట్లాడాల్సిన సమయం వచ్చిందని. మిర్చియార్డు గారి బండి కథ రెండో ప్రశ్నే.

ఒక చిన్న విషయం, చాలామందికి తెలియదు. పార్కిన్సన్స్‌కి, అంటే వణుకుడు జబ్బుకి, ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు కొందరిలో జూదం కోరికని కొత్తగా పుట్టిస్తాయి. జీవితంలో పేక ముట్టని పెద్దాయన డెబ్బై ఏళ్లకి ఉన్నట్టుండి పందేలు మొదలుపెడితే, తిట్టేముందు మందుల చీటీ డాక్టరుకి చూపించండి. మందు మాత్రం సొంతంగా ఆపకండి.

టెలీమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. ఫ్రీ. పేరు చెప్పాలనేం లేదు. పద్మ అక్క చేసిన పని, డబ్బు తాళంచెవి వేరేవాళ్ల చేతికివ్వడం, మేమూ అదే చెప్తాం. మనసు గట్టి చేసుకోమని చెప్పడం కంటే అది బాగా పనిచేస్తుంది.

లెక్కల_మాస్టారు
శనివారం, ఉదయం 8:40

డాక్టరమ్మా, చక్కగా చెప్పావు. నాకు నలుడి కథ గుర్తొచ్చింది. జూదంలో రాజ్యం పోయాక ఋతుపర్ణుడనే రాజు అతనికి అక్షహృదయం, అంటే పాచికల మర్మం, నేర్పుతాడు. ఎలా? దారిలో తాండ్ర చెట్టు కనిపిస్తే దానికి ఎన్ని ఆకులు, ఎన్ని కాయలు అని లెక్క చెప్పి. పాచికలు వేసేదీ ఆ కాయలతోనే ఆ రోజుల్లో. లెక్క తెలియనప్పుడు ఆడి ఓడాడు, తెలిశాక ఒక్క ఆట ఆడాడు, రాజ్యం తీసుకున్నాడు, మళ్లీ ఆడినట్టు కథలో లేదు. ఆ చివరి ముక్క ఎవరూ చెప్పరు.

సైకియాట్రీ_పీజీ
శనివారం, ఉదయం 8:52

మాస్టారూ, డాక్టరమ్మ కాదు, డాక్టరబ్బాయి :)

అడ్మిన్
శనివారం, ఉదయం 10:00

రెండు పోస్టులు తీసేశాను. ఒకటి రేపటి రేసుల టిప్పులు, ఒకటి సైటు లింకు. మళ్లీ పెడితే సభ్యత్వం తీసేస్తాను.

కృష్ణలంక_రవి
సోమవారం, రాత్రి 10:20

వెళ్లొచ్చాం. ఇంతమంది చెప్పారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

1,500 షర్టు జేబులో. కార్డులు నలుగురివీ ఒక కవర్లో పెట్టి అక్కయ్య గారికిచ్చాం. ఆవిడ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టింది. మొదటి రెండు రేసులు కాయలేదు, బాబాయ్ చెప్పినట్టు ఊరికే చూశాం. మూడో రేసులో ఒక గోధుమరంగు గుర్రం చెవులు నిక్కబొడుచుకుని నడిచింది, నచ్చింది, వంద ప్లేస్ కాశాను. రెండో స్థానంలో వచ్చింది! చేతికొచ్చింది నూట నలభై. దాని మీద కట్టిన పన్ను తీసేస్తే లాభం సున్నా. అయినా అరిచిన అరుపుకి ఇవాళ్టికీ గొంతు లేదు.

రేసు పుస్తకం చదివితే ఒకటి అర్థమైంది. మంచి గుర్రానికి ఎక్కువ బరువు కట్టి, బలహీనమైనదానికి తక్కువ కడతారట, అన్నీ సమానంగా రావాలని. అంటే "ఇది ఖాయంగా గెలుస్తుంది" అనే గుర్రం లేకుండా చేయడానికి ఒక మనిషి జీతం తీసుకుని పనిచేస్తున్నాడన్నమాట. ఆ మనిషి మీద మనం కాస్తున్నాం!

తప్పు కూడా చెప్పేస్తా. ఆరో రేసులో మావాడు టనాలా అన్నాడు. వద్దన్నారని తెలుసు. వంద పెట్టాను. మూడు గుర్రాలూ మేం చెప్పినవే వచ్చాయి, వరస తప్పింది. అప్పుడు కడుపులో ఏదో అయ్యింది. డాక్టర్ గారు రాసింది అక్కడే గుర్తొచ్చింది. గుర్తొచ్చినా, ఏడో రేసుకి మూడొందలు కాశాను. వంద కాసేవాణ్ని మూడొందలు! పోయింది. చివరి రేసుకి జేబులో 410 ఉన్నాయి. చుట్టూ అందరూ పోయినదంతా ఒకేసారి లాగేద్దామని ఎవరూ కాయని గుర్రాల మీద పెడుతున్నారు. నా చెయ్యీ జేబులోకి వెళ్లింది. కార్డు ఉండుంటే ఏం చేసేవాణ్నో చెప్పలేను. టీ స్టాలు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను, రేసు వెనక నుంచి వినపడింది.

మొత్తం 1,090 పోయింది. నోట్‌బుక్కు కొన్నాను, మొదటి పేజీలో రాశాను. ఆరో రేసు, ఏడో రేసు ఎర్ర ఇంకుతో.

బెజవాడ_బాబాయి
సోమవారం, రాత్రి 10:41

మొదటి రోజుకి నీది నా కంటే మంచి పేజీ. నా మొదటి పేజీలో వాచీ కూడా ఉంది. చేతి వాచీ. మళ్లీ ఎప్పుడు వెళ్తావో ఇప్పుడే అనుకోకు, సంక్రాంతి దాటనీ.

పద్మ_గుంటూరు
సోమవారం, రాత్రి 10:55

బియ్యం డబ్బా ఐడియా మా మరదలికి చెప్తాను.

నైట్‌డ్యూటీ
మంగళవారం, రాత్రి 2:10

ఆ 14416 ఇప్పుడు ఎత్తుతారా? తెలుగులో మాట్లాడొచ్చా?

సైకియాట్రీ_పీజీ
మంగళవారం, రాత్రి 2:16

ఎత్తుతారు అన్నా. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. మొదట భాష అడుగుతుంది, తెలుగు ఎంచుకోండి. ఎంత పోయిందో మొత్తం తెలియకపోయినా పర్లేదు, తెలిసినంత చెప్పండి.

నైట్‌డ్యూటీ
మంగళవారం, రాత్రి 2:19

లారీ మూడింటికి. చేస్తున్నా.